గొంతు వినపడింది.. దిక్కే తెలియలేదు

హజ్ సీజన్ వస్తే చాలు, ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ‘ఫలానా వాళ్ళు మీ అజీజియాలోనే దిగారంట, ఒకసారి చూసి రా’ అని. వాళ్ళు దిగేది మక్కాలోని అజీజియా. మేముండేది జెడ్డాలోని అల్ అజీజియా. పేరు ఒకటే గానీ మధ్యలో డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరం. ఒకే పేరు వినపడినంత మాత్రాన ఎక్కడి నుంచో తెలియదని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను చెప్పబోయేది కూడా అలాంటి సంగతే. కాకపోతే అది సముద్రం మీద జరిగింది.

మా కంపెనీలో ఏసీ మెకానిక్‌గా పనిచేసే తమ్ముడొకడున్నాడు. సొంత తమ్ముడు కాదు, ఊరు కాని ఊళ్ళో కలిసిన వాడు. కాకినాడ దగ్గర ఉప్పాడ వాళ్ళది. గురువారం రాత్రి అజీజియాలో టీ తాగుతూ ఉన్నట్టుండి వాళ్ళింటి సంగతి చెప్పాడు. వాడి చిన్న తమ్ముడు వేటకెళ్ళిన బోటు ఇంజిన్ ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోయి జీపీఎస్ పెట్టె కూడా చచ్చింది. మిగిలింది చేతిలో పట్టుకునే వైర్‌లెస్ సెట్ ఒక్కటే. రెండు రాత్రులు అలల మీదే. చివరికి వేరే బోటు వాళ్ళకు కనపడితే తాడు కట్టి లాక్కొచ్చారు. మనుషులు క్షేమం.

‘అన్నా, వాడి గొంతు వైర్‌లెస్‌లో ఇనపడిందంట. ఎక్కడున్నావురా అంటే, చుట్టూ నీళ్ళే అన్నాడంట. మీరు ఇంజినీర్లు కదా! గొంతు ఏ దిక్కు నుంచి వస్తందో మిషనుకి తెలీదా?’ అన్నాడు.

‘రెండు చెవులుంటే తెలుస్తుంది తమ్ముడూ’ అన్నాను. చాలా తేలిగ్గా అనేశాను. ఆ మాట నిజమో కాదో చూద్దామని ఆ వారమే కూర్చున్నాను. లేచేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

రెండు చెవుల లెక్క

బోట్లు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికీ, ఆపద పిలుపులకూ వాడే 16వ ఛానెల్ ఫ్రీక్వెన్సీ 156.8 మెగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 191 సెంటీమీటర్లు. అందులో సగం దూరంలో, అంటే దాదాపు 95 సెంటీమీటర్ల ఎడంగా రెండు యాంటెన్నాలు నిలబెట్టామనుకోండి. గొంతు ఎదురుగా సూటిగా వస్తే అల రెండింటినీ ఒకేసారి తాకుతుంది. పక్క నుంచి వస్తే ఒకదాన్ని ముందు, రెండోదాన్ని కాస్త వెనక తాకుతుంది. ఆ ‘కాస్త’ను కొలిస్తే దిక్కు తెలిసిపోతుంది. దాన్నే ఫేజ్ తేడా అంటాం. మన పాఠ్యపుస్తకాల్లో ‘దశ’ అని చదువుకున్నదే. పూర్తి అలకు 360 డిగ్రీలు.

యాంటెన్నాలు రెండే అయితే ముందా వెనకా అన్నది తేలదు. ఒడ్డున నిలబడి వినేవాడికి ఆ బాధ లేదు. వెనక భూమి, ముందు సముద్రం.

ఇంతవరకూ ఇంటర్ ఫిజిక్స్. చిక్కు రిసీవర్లతో వస్తుంది. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో అంటే, సర్క్యూట్ చేయాల్సిన పనిలో ఎక్కువ భాగాన్ని కంప్యూటర్ ప్రోగ్రామ్ చేసే రేడియో. కంప్యూటర్లో టీవీ చూసుకోవడానికి తయారైన చవక డాంగిల్‌ను అలాంటి రిసీవర్‌గా వాడుకోవచ్చని 2012లో బయటపడ్డాక, వేలు పోసి కొనాల్సిన పరికరం మా బోటి వాళ్ళ చేతికి వచ్చింది. రెండు డాంగిల్స్, రెండు యాంటెన్నాలు, ఒక ల్యాప్‌టాప్. పని అయిపోవాలి కదా? కాదు. పక్కపక్కనే ఉన్నా ఆ రెండు డాంగిల్స్‌కీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

చెక్కభజన పాఠం

మా చిత్తూరు వైపు పల్లెల్లో చెక్కభజన చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇరవై మంది ఒక్కటిగా ఆడాలంటే మూడు కుదరాలి. అందరి వేగమూ ఒకటే కావాలి. అందరూ ఒకే చోట ఎత్తుకోవాలి. అందరి పాదమూ ఒకేసారి నేలను తాకాలి. వేగం కుదిరింది కదా అని మిగతా రెండూ వాటంతటవి కుదరవు.

డాంగిల్‌కు వేగం ఇచ్చేది లోపలున్న 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. రెండు క్రిస్టల్స్ మధ్య పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్నా, 156.8 మెగాహెర్ట్జ్ దగ్గర అది సెకనుకు 157 చుట్ల తేడా అవుతుంది. ఫేజ్ కొలవడం మాట దేవుడెరుగు, అది గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అందుకే రెండో డాంగిల్ క్రిస్టల్ ఊడదీసి, మొదటిదాని గడియారాన్నే దానికీ తీగతో ఇచ్చాను. నలభైల్లో పడ్డ కళ్ళతో ఆవగింజంత సోల్డరింగ్. ఒక డాంగిల్ కాలిపోయింది. మళ్ళీ తెచ్చుకున్నాను. మూడోదాన్నీ కలిపాను.

గడియారం ఒకటైంది. నా మటుకు నేను గెలిచాననుకున్నాను. ఈ రంగంలో కొత్తగా వచ్చే ప్రతివాడూ ఇక్కడే పప్పులో కాలేస్తాడని తర్వాత తెలిసింది.

రెండో సంగతి ఎత్తుగడ. మూడు డాంగిల్సూ యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు నమూనాలు పంపుతాయి. ‘మొదలుపెట్టు’ అన్న ఆదేశం మూడింటికీ ఒకేసారి చేరదు. నేను సెకనుకు 24 లక్షల నమూనాలు తీస్తున్నాను. అంటే ఒక్క నమూనా తేడా 417 నానోసెకన్లు. ఆ సమయంలో రేడియో తరంగం 125 మీటర్లు వెళ్ళిపోతుంది. నా యాంటెన్నాల మధ్య ఎడం మీటరు కూడా లేదు! పైగా తేడా ఒక నమూనా కాదు, ఆపి మళ్ళీ నడిపిన ప్రతిసారీ వందలు, వేలు.

దీనికి మందు హోరు. జెనర్ డయోడ్‌తో చేసిన చిన్న హోరు యంత్రం నుంచి ఒకే సంకేతాన్ని స్ప్లిటర్‌తో విడగొట్టి మూడు రిసీవర్లకూ సమానంగా ఇస్తాం. హోరుకు ఒక సుగుణం ఉంది. అది ఏ క్షణంలోనూ తనను తాను పోలి ఉండదు. ఒక రికార్డును రెండోదాని మీద ఒక్కొక్క నమూనా చొప్పున జరుపుతూ పోతే, ఒకే ఒక్క చోట రెండూ అతికినట్టు కలుస్తాయి. అక్కడికి జరిపితే ఎత్తుగడ కుదిరినట్టే. అదే పాటో, ఒకే స్వరమో వాడితే ఎక్కడ జరిపినా కలిసినట్టే కనపడి మోసం చేస్తుంది.

మూడోది అడుగు. ఇదే అసలు కథ. ప్రతి డాంగిల్‌లోనూ కోరిన ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్ ఒకటుంది. గడియారం ఒకటే అయినా, ట్యూన్ చేసిన ప్రతిసారీ అది ఏదో ఒక ఫేజ్ దగ్గర మేలుకుంటుంది. ఈసారి 40 డిగ్రీలు, ఇంకోసారి 211. అది పైవాడి దయ. దీనికి తోడు, ఆ చిప్ తన లోపలి దొంగ సంకేతాలు ఒకేచోట పోగుపడకుండా కావాలనే కొంచెం వణుకుతుంది. డిథరింగ్ అంటారు. మూడూ ఎవరి వణుకు వాళ్ళు వణికితే ఫేజ్ నిలకడగా ఉండదు. దాన్ని ఆపేయాలి. ఆ తర్వాత అదే హోరును వాడి ఒక్కొక్కటి ఎన్ని డిగ్రీలు పక్కకు ఉందో కొలిచి, అన్ని డిగ్రీలూ ప్రోగ్రామ్‌లో వెనక్కి తిప్పాలి. అంతా అయ్యాక ఫ్రీక్వెన్సీ మీట ముట్టుకున్నామా, మళ్ళీ మొదటికి.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. కొలతలన్నీ తీసి సగటు కట్టాను. ఒక్కోసారి ఫలితం అద్భుతంగా ఉండేది, ఒక్కోసారి పూర్తిగా తలకిందులు. మూడు వారాలు కేబుళ్ళను అనుమానించాను, డాంగిల్స్‌ను తిట్టాను. తప్పు నా కోడ్‌లో ఉంది. 359 డిగ్రీలు, 1 డిగ్రీ సగటు ఎంత? కంప్యూటర్ 180 అంటుంది. నిజానికి అది సున్నా. గడియారంలో పన్నెండుకు అయిదు నిమిషాల ముందు, అయిదు నిమిషాల తర్వాత అంటే మధ్యలో పన్నెండు కదా, ఆరు కాదు కదా! కోణాల్ని కాకుండా, ఆ సంకేతాలనే సంకీర్ణ సంఖ్యలుగా కూడి చివర్లో కోణం చూడాలి. ఎమ్మెస్సీ చదివి, ఇరవై ఏళ్ళు కోడ్ రాసిన మనిషి చేసిన తప్పు ఇది.

బల్ల దాటని ప్రయోగం

ఇదంతా అజీజియా ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద, ఒక్క యాంటెన్నా కూడా లేకుండా జరిగింది. మేడ మీద కర్ర పాతితే ఎర్ర సముద్రం ఓడలు మాట్లాడుకోవడం వినపడదా అని ఆశ పుట్టింది. కాదనను. కానీ పరాయి దేశంలో అది ఆటలాడుకునే సంగతి కాదు. రేడియో పరికరాలు తెప్పించుకోవాలన్నా, పెట్టుకోవాలన్నా ఇక్కడి కమ్యూనికేషన్స్, స్పేస్ అండ్ టెక్నాలజీ కమిషన్ నిబంధనలు ముందు చదువుకోవాలి. దిక్కు కనిపెట్టే యంత్రమంటే చూసేవాళ్ళకు వేరే అర్థం కూడా తోస్తుంది. ఈ సరదా ఉన్న మన పిల్లలకు నా మాట ఒకటే. హోరు, కేబుళ్ళు, బల్ల చాలు, నేర్చుకోవాల్సింది ముప్పాతిక వంతు అక్కడే ఉంది.

ఆ భయం ఊరికే కాదు. అయిదు రిసీవర్లను ఒకే పెట్టెలో పెట్టి, హోరు యంత్రాన్ని కూడా లోపలే అమర్చిన క్రాకెన్‌ఎస్‌డీఆర్ అనే పరికరం బజారులో ఉంది. నేను ఎనిమిది నెలలు పడ్డ పాట్లను అది మీట నొక్కితే చేస్తుంది. దానితో వచ్చే పాసివ్ రాడార్ ప్రోగ్రామ్‌ను అమెరికా ఆయుధ ఎగుమతి నిబంధనలు అడ్డొస్తాయేమోనని తయారీదారులే 2022లో తీసేశారు. ఫేజ్ కలిపిన రిసీవర్లకు అంత విలువ ఉంది మరి.

గాదంకిలో ఇనుప తోట

ఈ విద్య మనకు కొత్త కాదని నాకు గుర్తొచ్చింది కూడా ఆ బల్ల దగ్గరే. మాది పాకాల దగ్గర. తిరుపతి నుంచి చిత్తూరు దారిలో గాదంకి మీదుగా బస్సులో పోతుంటే మా నాయన చెయ్యి చూపించేవాడు. ‘ఆడ ఇనుప తోట నాటినారు చూడు, అవి గాలిని చూస్తాయంట’ అని. రాడార్ అంటే విమానాల్ని పట్టేదని బళ్ళో చెప్పారు. గాలిని చూడ్డమేందని నవ్వేవాణ్ణి. నాయన చెప్పిందే నిజం.

అది ఎంఎస్‌టీ రాడార్. 1993కల్లా పూర్తి స్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఉంది. 130 మీటర్ల చదరంలో వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1,024 యాగీ యాంటెన్నాలు. ఫ్రీక్వెన్సీ 53 మెగాహెర్ట్జ్. పైకి పంపిన తరంగం గాలి సుడుల వల్ల కొద్దికొద్దిగా తిరిగొస్తుంది. దాన్నిబట్టి పైన గాలి ఎటు, ఎంత వేగంగా వీస్తోందో లెక్కకడతారు. ఆ తోటలో ఏదీ కదలదు. అయినా చూపు అటూ ఇటూ తిరుగుతుంది. ఎలాగంటారా? వరుసకూ వరుసకూ మధ్య ఫేజ్ మార్చి. నేను మూడింటితో సతమతమైన పనిని వాళ్ళు వెయ్యిన్ని ఇరవై నాలుగింటితో చేశారు. మొదట్లో ఒక్కో వరుసకు ఒక ట్రాన్స్‌మిటర్ చొప్పున 32 ఉండేవి. తర్వాత ప్రతి యాంటెన్నాకూ ఒక కిలోవాట్ సాలిడ్ స్టేట్ యూనిట్ పెట్టి ఆధునికీకరించారు. అంటే 1,024 అడుగులూ విడివిడిగా కుదరాలి.

అంత తోట సరిగ్గా అనుకున్న దిక్కునే చూస్తోందని రుజువేమిటి? అక్కడ నాకు భలే నచ్చిన సంగతి ఉంది. వాళ్ళు ఆకాశాన్నే అడిగారు. కన్యారాశిలో విర్గో ఏ అనే బలమైన రేడియో మూలం ఉంది. అది దాదాపు గాదంకి నడినెత్తి మీదుగా వెళ్తుంది. ఎప్పుడు ఎక్కడుంటుందో పక్కాగా తెలుసు. అది దాటేటప్పుడు రాడార్‌తో విని, చూపు సరిగ్గా ఉందో లేదో సరిచూశారు. ఆ విర్గో ఏ మరేదో కాదు, ఎం87 గెలాక్సీ. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన మొట్టమొదటి కృష్ణబిలం బొమ్మ దాని నడిబొడ్డుదే. ఆ బొమ్మ కోసం కూడా వేర్వేరు ఖండాల్లోని టెలిస్కోపులు అణు గడియారాలతో సమయం గుర్తుపెట్టి, హార్డ్ డిస్కుల్లో రికార్డు చేసి, వాటిని విమానాల్లో ఒకచోటికి చేర్చి, ఆ తర్వాత తీరిగ్గా ఫేజ్‌లు కలిపారు.

ఇంకా వెనక్కి వెళ్తే వాల్తేరు ఉంది. 1950ల్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి.రామచంద్రరావు బృందం ఎడంగా పెట్టిన యాంటెన్నాల మీద ఒకే సంకేతం ఎగుడుదిగుళ్ళు ఎంత ముందూ వెనకా వస్తున్నాయో పోల్చి, అయనోస్పియర్ ఎటు జరుగుతోందో లెక్కగట్టింది. వాళ్ళు పోల్చింది ఫేజ్‌ను కాదు, సంకేతం హెచ్చుతగ్గుల్ని. కంప్యూటర్లు లేని రోజులు. ఉప్పాడ కుర్రాడి ప్రశ్నకు సగం జవాబు ఆ తీరంలోనే, ఆ రోజుల్లోనే ఉందన్నమాట.

తీగె పొడవు చెప్పిన లెక్క

సెలవు మీద ఊరెళ్ళినప్పుడు మూడు డాంగిల్సూ పట్టుకెళ్ళాను. లైసెన్స్ ఉన్న హామ్ మిత్రుడొకాయన సాయం వచ్చారు. ఓడల ఛానెల్ జోలికి పోకుండా హామ్‌లకు అనుమతి ఉన్న 145 మెగాహెర్ట్జ్‌లో ప్రయత్నించాం. కోత అయిపోయిన చేలో మూడు యాంటెన్నాలు మీటరుకొకటి వరుసగా నిలబెట్టాను. ఆయన హ్యాండ్‌సెట్‌తో రెండు వందల మీటర్ల దూరంలో, సూటిగా ఎదురుగా ఉన్న చింతచెట్టు కింద నిలబడ్డారు. ఎదురుగా ఉన్నారు కాబట్టి మూడింటి మధ్య తేడా సున్నా రావాలి.

రాలేదు. ఒకటికీ రెంటికీ మధ్య 26 డిగ్రీలు ఇటు. రెంటికీ మూడుకూ మధ్య 26 డిగ్రీలు అటు.

బల్ల మీద అంత పక్కాగా కుదిరినవి ఇక్కడెందుకు చెదిరాయి? కాసేపు బుర్ర పనిచేయలేదు. ఎండలో కూర్చుని కాగితం మీద గీసుకున్నాక వెలిగింది. తప్పు రిసీవర్లలో అయితే ఇలా అటూ ఇటూ సమానంగా రావాల్సిన పని లేదు. మధ్య యాంటెన్నా ఒక్కటే 26 డిగ్రీలు ఆలస్యంగా వింటోంది. నా కేబుల్‌లో తరంగం పొడవు 136 సెంటీమీటర్ల చిల్లర. అందులో 26 డిగ్రీలంటే దాదాపు 10 సెంటీమీటర్లు. లేచి వెళ్ళి చూశాను. కేబుల్ అందడం లేదని పొద్దున హడావుడిలో నేనే మధ్యదానికి జేబులోని చిన్న ముక్క తగిలించాను. కొలిస్తే జానెడు కన్నా తక్కువ, సరిగ్గా పది సెంటీమీటర్లు!

ఆ సంతోషం అనుభవిస్తే గానీ తెలియదు. కంటితో చూడకుండానే తీగె పొడవును లెక్క చెప్పింది. అదే సమయంలో భయమూ వేసింది. హోరుతో చేసిన సవరణ రిసీవర్ వరకే. దాని బయట ఉన్న కేబుల్, యాంటెన్నా సంగతి దానికి తెలియదు. రెండే యాంటెన్నాలు పెట్టుకుని ఉంటే ఈ తప్పు నాకు దొరికేది కాదు. 16వ ఛానెల్ దగ్గర ఆ పది సెంటీమీటర్ల ముక్క 28 డిగ్రీల ఫేజ్ తేడా తెస్తుంది. దిక్కులో అది 9 డిగ్రీలు. 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోటు కోసం వెతకడానికి వెళ్ళేవాళ్ళను మూడు కిలోమీటర్లు పక్కకు పంపిస్తుంది. జేబులోని తీగె ముక్క ఒకటి!

ముక్క తీసేశాను. చింతచెట్టునే మా విర్గో ఏ అనుకుని మిగిలిన చిన్నచిన్న తేడాలు సరిచేశాను. తర్వాత మిత్రుడు నాకు కనపడకుండా బోరు గది వెనకా, మామిడి తోపులో, కాలువ గట్టు మీదా దాక్కుని మాట్లాడారు. ఎనిమిది చోట్లలో ఏడింటిని మూడు డిగ్రీల లోపు చెప్పగలిగాం. ఎనిమిదోది కరెంటు లైన్ల కింద. అక్కడ తరంగం తీగెలకు కొట్టుకుని వచ్చి పూర్తిగా తప్పుదోవ పట్టించింది. దానికి నా దగ్గర మందు లేదు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మత్స్యకారుడికి అసలైన రక్ష ఇది కాదు. ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ ఉపగ్రహం ద్వారా బోటు ఉన్న చోటునే పంపుతుంది. 2024లో వచ్చిన రెండో తరం పరికరమైతే, మీ పిలుపు అందిందని తిరిగి జవాబు కూడా ఇస్తుంది. ప్రతి బోటులో అది ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. నేను చూసింది, అవేవీ పనిచేయక చేతిలో వైర్‌లెస్ ఒక్కటే మిగిలిన రాత్రి సంగతి.

జెడ్డా తిరిగొచ్చాక తమ్ముడికి వీడియో చూపించాను. చేలో పుల్లల్లా నిలబడ్డ యాంటెన్నాలు చూసి ముందు నవ్వాడు. తర్వాత అడిగాడు.

‘తేడా ఎంతొస్తదన్నా?’

‘మూడు డిగ్రీలు. ఒడ్డుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒక కిలోమీటరు అటూ ఇటూ.’

‘కిలోమీటరేనా? పగలైతే కంటికి కనపడిపోతాదన్నా.’

‘రాత్రయితే?’

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. ‘వస్తన్నారని తెలిస్తే టార్చి ఎయ్యడా?’ అన్నాడు.